నల్ల పండ్ల కాఫీ చెట్టు



కాఫీ గొంతు దిగనిదే మనకు పేపరు చదవబుద్ధి కాదు. కాఫీ జాతులు నూటికి పైగా ఉన్నా, లోకం తాగేది దాదాపు రెండే: అరబికా, రొబస్టా. మిగిలినవాటిలో ఒకటి పశ్చిమ ఆఫ్రికాలోని స్టెనోఫిల్లా. దాని పండ్లు పండితే నల్లగా ఉంటాయి. సియెర్రా లియోన్ రైతులు ఒకప్పుడు దాన్ని సాగు చేసి, దిగుబడి ఎక్కువని రొబస్టాకు మళ్లారు. 1954 తర్వాత ఆ దేశపు అడవుల్లో అది కనబడిన దాఖలా లేకపోయింది.

2018లో లండన్ క్యూ ఉద్యానవన శాస్త్రవేత్త ఆరన్ డేవిస్, జెరెమీ హాగర్, అక్కడి కాఫీ నిపుణుడు డేనియల్ సర్ము పాత రికార్డులు పట్టుకుని అడవులు గాలించారు. మొదట దొరికింది ఒక్కటే చెట్టు. కాఫీ జాతుల్లో చాలావాటికి తోడు చెట్టు లేనిదే విత్తనం కట్టదు. అందుకని ఇంకా తూర్పుకు వెళ్లారు. కాంబుయి కొండల్లో మరికొన్ని చెట్లు కనబడ్డాయి.

2021లో ఫలితాలు ప్రకటించారు. రుచి మేలైన అరబికాకు దీటుగా ఉంది. పైగా అరబికా పెరిగే చోట్లకన్నా సగటున 6 డిగ్రీల పైచిలుకు వేడిలో పెరుగుతుంది. మన అరకు గిరిజన రైతుల తోటలూ అరబికావే కనుక, ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో ఇది మనకూ పట్టిన విషయమే. అయితే అడవి తరిగిపోతే ఆ చెట్టూ ఉండదు.

పాతదని ఫైలు పారేయరాదని సర్వీసులో నేర్చుకున్నాం. చెట్టుకూ అదే వర్తిస్తుంది.