దూరవిమానయానము - కాళ్ల రక్షణ



చిరకాలము బడిలో పిల్లలను కదలక కూర్చుండుడని శాసించిన నేను, నేడు పెద్దలను కూర్చున్నచోట కదలుడని కోరుటకు వచ్చితిని. మన పల్లెలనుండి అమెరికాకు పోవు వృద్ధులు ఇప్పుడు పెక్కుమంది కలరు. కుమార్తె కాన్పునకు తల్లియు, మనుమని చూచుటకు తాతయు బయలుదేరుచున్నారు. హైదరాబాదు విడిచి ఆ దేశమున దిగువఱకు ఇరువది గంటలకు మించుట సామాన్యము. అందు అధికభాగము ఇఱుకైన కుర్చీలో మోకాళ్లు ముడుచుకొని యుండవలెను. అట్లుండుటచే కాలిలోని రక్తము గడ్డకట్టు ప్రమాదము కలదు. దానిని గూర్చియే నా మనవి.

హృదయము రక్తమును పాదములవఱకు త్రోయును. అది పాదములనుండి మరల పైకెక్కుటకు ఆ త్రోపు చాలదు. ఏతము మీరెఱిగినదే. ఏతపుమ్రానిపై మనిషి ముందునకు వెనుకకు నడచినంతసేపే నూతినీరు పైకి వచ్చును. అతడు నిలిచిన నీరును నిలుచును. మన పిక్కలు చేయు పనియు అట్టిదే. అడుగు వేసినపుడెల్ల పిక్క బిగిసి, లోని సిరలను పిండి, రక్తమును పైకి పంపును. సిరలలోని చిన్న కవాటములు దానిని క్రిందికి జారనీయవు. గంటలతరబడి కదలకున్నచో రక్తము మందగించి, ఒక్కొక్కప్పుడు గడ్డకట్టును. ఆ గడ్డ తెగి, రక్తముతో కొట్టుకొనిపోయి, ఊపిరితిత్తులలో అడ్డుపడెనేని ప్రాణాపాయము.

దోషము విమానమునదే యని తలపరాదు. 1940లో లండను నగరముపై బాంబులు పడుచుండగా, ఆశ్రయస్థానములలో రాత్రులెల్ల కుర్చీలపై గడపిన జనులలో కొందఱిట్లే మరణించిరని కీత్ సింప్సన్ అను వైద్యుడు ఆ యేటనే వ్రాసెను. 1954లో అమెరికా శస్త్రవైద్యుడు జాన్ హోమన్సు విమానయానముతోపాటు మోటారు ప్రయాణమును, నాటకశాలలో కూర్చుండుటను గూడ కారణములుగా పేర్కొనెను. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండు ప్రయాణమున ఈ యపాయము సుమారు రెట్టింపగుననియు, అయినను దాదాపు 6000 మందిలో ఒక్కరికే కలుగుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించెను. రైలునకును బస్సునకును ఇదియే న్యాయము.

కావున భయపడి ప్రయాణము మానవలదు. అయితే వయసు మీఱినవారికి, స్థూలకాయులకు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారికి, క్యాన్సరు గలవారికి, గర్భిణులకు, మున్ను గడ్డ వచ్చినవారికి అపాయము హెచ్చు. వీరు ముందుగా వైద్యుని అడుగవలెను. ఆయన చెప్పినచో బిగుతు మేజోళ్లను, మందులను వాడవలెనే గాని, ఇరుగుపొరుగువారి మాట విని మాత్రలు మ్రింగరాదు.

మన పెద్దలయందు ఒక మొగమాటము కలదు. ప్రక్కవారిని లేపవలసి వచ్చునని లేవరు. మరుగుదొడ్డికి పోవలసి వచ్చునని నీరు త్రాగరు. విమానమున ఈ మొగమాటమే శత్రువు. నడవ ప్రక్కనున్న కుర్చీని కోరుడు. గంట, రెండు గంటల కొకసారి లేచి నడువుడు. లేవ వీలుకానపుడు మడమలు నేలకు ఆనించి వ్రేళ్లెత్తుడు. పిదప వ్రేళ్లు ఆనించి మడమలెత్తుడు. దాహమునకు తగినంత నీరు త్రాగుడు. మద్యమును, నిద్రమాత్రలను దూరముంచుడు. కాళ్లు చాచు చోట సంచులు పెట్టకుడు.

ఇల్లు చేరినంతనే అపాయము తీరదు. సుమారు నాలుగు వారములవఱకు పొంచియుండును. మా గ్రామమున ఒక పెద్దకు, అమెరికానుండి వచ్చిన అయిదవనాడు ఎడమపిక్క వాచెను. బడలిక యని ఇంటివారు నూనె కాచి మర్దనకు సిద్ధపడిరి. కోడలు వలదని వారించి ఆసుపత్రికి గొనిపోయెను. గడ్డయే యని తేలినది. మందులచే గుణము కలిగెను. అట్టి కాలిని పిసికినచో గడ్డ కదలిపోవచ్చును. ఒక కాలు వాచినను, నొచ్చినను, వెచ్చబడినను ఆనాడే వైద్యునికి చూపుడు. ఆకస్మికముగ ఆయాసము గాని, రొమ్ము నొప్పి గాని, దగ్గులో రక్తము గాని కనబడిన క్షణమైన ఆలసింపక ఆసుపత్రి చేరుడు. దూరప్రయాణము చేసిన సంగతి వైద్యునికి తప్పక చెప్పుడు.

మీ యూర విదేశమునకు మూట కట్టుకొనుచున్న దంపతులున్నచో, ఈ నాలుగు మాటలు వారి చెవిని వేయుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.