చదివి చూడు, నీకు నచ్చుతుంది



మా పెద్దమ్మకు ఒక ఇనప్పెట్టె ఉండేది. దాని నిండా సీరియళ్లే. వారపత్రిక ఇంటికొచ్చి అందరి చేతులూ తిరిగాక, సీరియల్ కాగితాలు విడదీసి అందులో దాచేది. కథ ముగిసిన వారం దబ్బనం, పురికొస తెచ్చుకుని వరండాలో కూర్చునేది. మూడుచోట్ల కుట్టు, పైన పాత క్యాలెండరు అట్ట, మైదాపిండి ఉడికించిన జిగురు. ఏదైనా వారం పత్రిక అందలేదనుకోండి, పక్కవీధి నుంచి అరువు తెప్పించి, ఆ భాగమంతా రూళ్ల కాగితాల మీద చేత్తో రాసి, దాని చోట్లో పెట్టి కుట్టేది. యద్దనపూడి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి, లత... 1960లు, 70లలో ఎన్నో తెలుగిళ్లలో నవలలు ఇలాగే పుట్టాయి. నవలని షాపులో కొని చదివినవాళ్లకన్నా ఇలా బైండులో చదివినవాళ్లే ఎక్కువని నా నమ్మకం.

చదవడం అయినవాళ్లు వెనక అట్ట లోపలివైపు పెన్సిలుతో పొడి అక్షరాలు వేయాలి. అది పెద్దమ్మ పెట్టిన షరతు. ఎవరికి ఏది పంపాలో మాత్రం తనే తేల్చేది. "ఎదురింటి అత్తయ్యకి అది ఇవ్వకురా, పాపం ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. ఇది పట్టుకెళ్లు, నాలుగు రోజులు నవ్వుకుంటుంది" అని నా చేతికిచ్చేది. ఆ అత్తయ్య ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. పెద్దమ్మకు తెలుసు.

ఇవాళ నేను మీ ముందు పెట్టదలచింది ఆ విద్యనే. చదివే అలవాటున్న నలుగురు కూడినప్పుడు ఒకరికొకరు పుస్తకం చెప్పుకోవడం. వినడానికి చాలా చిన్న పని. చేయబోతే తెలుస్తుంది, ముందు పుస్తకం తెలియాలి, ఆ తర్వాత మనిషి తెలియాలి. నేను చూసినంతలో ఆ రెండోదే కష్టం.

ఈ పనిని నెత్తికెత్తుకున్నవాళ్లు మనకు ఉన్నారు. ఉన్నమాటే అంటున్నాను, వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలను నిజంగానే నెత్తిన పెట్టుకుని తిరిగారు. నల్లగొండ జిల్లాలో పుట్టిన మనిషి. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నారు. హోటల్లో సర్వరుగా చేశారు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలుగు పుస్తకాలు అచ్చువేశారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం కంటపడటమే అరుదైన రోజులవి. అచ్చువేసి ఊరుకోలేదు, మోసుకుంటూ గడపగడపకూ వెళ్లి అమ్మారు. గుమ్మంలో నిలబడి పుస్తకం చేతికిస్తున్నప్పుడు, అది ఎందుకు చదవాలో ఆ ఇంటివాళ్లకు ఒక్క మాటైనా చెప్పకుండా ఉంటారా? ఆ మాటలు ఎవరూ రాసిపెట్టలేదు. నాకు వాటిమీదే మమకారం.

ఇటు కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు 1935లో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ పడవలే అప్పటి జనానికి బస్సులు. గంటల తరబడి పడవలో కూర్చునే ప్రయాణికుల చేతికి పుస్తకం అందించాలన్నది ఆయన ఊహ. పక్కనున్నాయన చదువుతున్న పుస్తకంలోకి తొంగిచూడటం మనకు రైల్లో ఇప్పటికీ ఉన్న అలవాటే కదా.

ఇక మా సంగతి. మేం ఎనిమిదిమందిమి. నెలలో రెండో ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి డాబా మీద చాపలు పరుచుకుని కూర్చుంటాం. ఒక రిటైర్డు టీచరమ్మ, మందుల షాపాయన, ఆర్టీసీ కండక్టరు, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు, ఇలా కలగలుపు. సంఘం పేరు లేదు, చందా లేదు. ఉన్నదల్లా ఒక పొడుగు నోటుపుస్తకం. అందులో ఐదు గళ్లు గీశాం: పుస్తకం పేరు, ఎవరిది, ఎవరు తీసుకున్నారు, తేదీ. ఐదో గడిలో, ముగించనివాళ్లు ఎన్నో పేజీలో ఆగిపోయారో రాయాలి.

ఆ ఐదో గడి టీచరమ్మ ఆలోచన. మొదట్లో రాయడానికి అందరికీ మొహమాటంగా ఉండేది. పుస్తకం ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారని, చదవకుండానే "బావుందండీ" అని తిరిగిచ్చేవాళ్లం. అలా అనడం మొదలైతే నలుగురూ కలిసి చదవడం అక్కడితో సరి, ఎవరి అభిరుచి ఏమిటో మరొకరికి తెలియనే తెలియదు. ఐదో గడి వచ్చాక ఆగిపోవడం తప్పు కాకుండా పోయింది. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' దగ్గర ముగ్గురం వందలోపు పేజీల్లోనే ఆగిపోయాం. నోటుపుస్తకం చూసి మందుల షాపాయన, "ఒంటరిగా మొదలుపెట్టకండి. నేనొకసారి చదివాను గనుక నెలకు వంద పేజీలు మీతోపాటు మళ్లీ చదువుతాను" అన్నారు. అన్నంత పనీ చేశారు. ముగ్గురిలో ఇద్దరం ముగించాం. మూడో మనిషి ఇప్పటికీ ఒప్పుకోడు, ఆయన వాదన వినడానికే కొన్ని ఆదివారాలు చాలలేదు.

కండక్టరు మొదట వచ్చినప్పుడు, "నాకంత తీరిక లేదండీ, డ్యూటీ దిగితే నిద్రే" అన్నాడు. అతనికి లావుపాటి పుస్తకం చెప్పడం అన్యాయం. డాక్టర్ కేశవరెడ్డి రాసిన 'అతడు అడవిని జయించాడు' చేతిలో పెట్టాను. చిన్న నవల. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి వెళ్తాడు, దాదాపు ఒక్క రాత్రి కథ. నేను అతనితో అన్నది ఒకటే: "నైట్ హాల్టు పడినప్పుడు చదువు." తర్వాతి నెల వచ్చి పుస్తకం ముందుపెట్టి, చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత, "మా తాత మేకలు కాసేవాడండీ" అని మొదలుపెట్టాడు. ఆ పూట ఇంకెవరి పుస్తకం వంతూ రాలేదు.

అందుకే మా దగ్గర పేరు చెప్పి వదిలేయడం లేదు. పేరు చెప్తే చీటీ మీద రాసుకుంటారు, ఆ చీటీ చొక్కాతోపాటు ఉతుక్కి పోతుంది. మన కాపీ తెచ్చి చేతిలో పెట్టాలి. కథంతా చెప్పేయకూడదు. గొప్ప రచన అని ఊదరగొట్టకూడదు, ఆ మాటకు భయపడి పక్కన పెట్టేస్తారు. నాకు ఎక్కడ పట్టుకుందో ఆ ఒక్క చోటు చెప్తే చాలు.

చదివి వినిపించడం ఇంకా మంచిది. నామిని 'పచ్చనాకు సాక్షిగా' శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడికి ఇస్తే, భాష కొరుకుడు పడటంలేదని తెచ్చేశాడు. మాలో చిత్తూరు జిల్లా ఆవిడ ఒకరున్నారు. ఆ పుస్తకం తీసుకుని తమ ఇంట్లో మాట్లాడుకున్నట్టే రెండు పేజీలు పైకి చదివారు. చూపుకు అడ్డంపడ్డ మాటలు చెవికి తిన్నగా ఎక్కాయి. కుర్రాడు అక్కడే పుస్తకం మళ్లీ అడిగి పుచ్చుకున్నాడు. ఆ రాత్రి నుంచి అతను నామినిని మనసులో ఆవిడ గొంతుతోనే చదువుతున్నాడట.

పోయిన నెల నా వంతు వచ్చినప్పుడు ఇనప్పెట్టెలోంచి పెద్దమ్మ బైండొకటి తీసుకెళ్లాను. పెద్దమ్మ ఇప్పుడు లేదు. అట్ట పెళుసుబారింది, పురికొస మాత్రం బిగి సడలలేదు. పట్టుకెళ్లేవాళ్లు చించుతారేమోనని లోపల బెంగగానే ఉంది, అయినా టీచరమ్మకు ఇచ్చాను. ఆవిడ చిన్నప్పుడు ఇదే సీరియల్ సగంలో వదిలేయాల్సి వచ్చిందని ఎప్పుడో మాటల్లో అన్నారు. మొన్న ఆదివారం గుడ్డసంచిలో భద్రంగా చుట్టి తెచ్చి, "మధ్యలో చేత్తో రాసిన భాగం ఎవరిదండీ? నేను వదిలేసింది సరిగ్గా అక్కడే" అన్నారు. వెనక అట్ట తిప్పి చూశాను. వెలిసిపోయిన పెన్సిలు అక్షరాల వరసలో చివర, ఎదురింటి అత్తయ్య పొడి అక్షరాల కింద, టీచరమ్మవి ఉన్నాయి.