కుర్చీ ఎక్కిన మన యూనియన్ మనిషి

(ఆగస్టు 10న షోలాపూర్ తెలుగు మిల్లు కార్మికుల సభలో యూనియన్ కార్యవర్గం తరఫున చదివిన ఉపన్యాస పాఠం)



పగటి పాళీ దిగి, ఒంటికి అంటుకున్న దూది కూడా దులుపుకోకుండా మీరంతా నేరుగా ఇక్కడికి వచ్చారు. బీడీల లెక్క అప్పజెప్పి, ఇంట్లో పొయ్యి ఇంకా వెలిగించకుండానే వచ్చిన అక్కలూ చెల్లెళ్లూ ఉన్నారు. అందుచేత ఎక్కువసేపు కూర్చోబెట్టం. డిమాండ్ల పట్టిక కూడా ఈపూట చదవం. ఒక మనిషి గురించి చెప్పుకుందాం. ఇవాళ ఆయన పుట్టినరోజు.

బల్లమీద ఆయన ఫోటో ఉంది. పక్కన బంతిపూల దండ ఉంది. దండ ఫోటోకు పడకుండా బల్లమీదే ఎందుకు ఉందని కొందరు ఇప్పటికే అడిగారు. మాలో తగువు తేలలేదు కాబట్టి! ఈ సభ పెట్టాలని అనుకున్న రోజునే కార్యవర్గంలో ఒక పెద్దాయన లేచి, "రైల్వే సమ్మె నాడు ఈయన ఏ కుర్చీలో ఉన్నాడో మరిచిపోయారా? దండ ఎందుకు వెయ్యాలి?" అన్నారు. రెండు మీటింగులు ఆ మాటమీదే గడిచాయి. చివరికి, ఆయన సంగతులన్నీ మీ ముందు పెట్టి, ఆ తర్వాతే దండ విషయం చూద్దామని ఒప్పుకున్నాం.

ఆయన వరాహగిరి వెంకట గిరి. ఇంటిపేరులో ఒక గిరి, సొంత పేరులో మరో గిరి. 1894లో బరంపురంలో పుట్టారు. పట్టుచీరలకు పేరుపడ్డ ఆ ఊరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక అటు పోయింది. మనిషి కదలలేదు, సరిహద్దు కదిలింది. మన తాతలు మగ్గం సామాను మూటగట్టుకుని షోలాపూర్ వచ్చి పరాయి రాష్ట్రంలో తెలుగువాళ్లయ్యారు. గిరిగారి సొంత ఊరే పరాయి రాష్ట్రమయింది. అందువల్ల ఆయనను మనవాడని అనుకోవడానికి మనకు ఇంకాస్త ఎక్కువ హక్కుంది.

లా చదవడానికి 1913లో ఐర్లండు రాజధాని డబ్లిన్ వెళ్లారు. అక్కడ ఇంగ్లీషు ప్రభుత్వం మీద తిరుగుబాటు రగులుతోంది. జేమ్స్ కొనోలీ వంటి కార్మిక నాయకులు అందులో ముందున్నారు. 1916 ఈస్టరు పండుగకు తుపాకులు పేలాయి. ఆ ఏడే గిరిగారిని దేశం విడిచి పొమ్మన్నారు. కొడుకు బారిష్టరు చదువు చదివి వస్తాడని ఎదురుచూసిన తండ్రి జోగయ్య పంతులుగారికి చదువుతోపాటు తిరుగుబాటు కూడా నేర్చుకున్న కొడుకు దక్కాడు. ఇంటికి వచ్చి కోర్టులో నాలుగు రాళ్లు వెనకేసుకోకుండా రైల్వే కూలీల మధ్యకు పోయారు. ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని పోయినవారి తరఫున సమ్మె నడిపారు. ఏఐటీయూసీకి 1926లో ఒకసారి, 1942లో ఒకసారి అధ్యక్షులయ్యారు. అంటే దేశానికి అధ్యక్షుడు కాకముందే కార్మికులు ఆయనను రెండుసార్లు అధ్యక్షుణ్ణి చేశారు.

పెద్ద గెలుపు ఒకటి చెప్పాలి. 1937 ఎన్నికల్లో ఆయన బొబ్బిలి రాజావారిమీద, అదీ బొబ్బిలిలోనే నిలబడ్డారు. రాజావారు అప్పటికే మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా చేసినవారు. కోట, దివాణం, గుర్రాలు అన్నీ అటువైపు. ఇటువైపు యూనియన్ వకీలు. గెలిచింది వకీలే.

ఓటమి కూడా చెప్పాలి, లేకపోతే ఇది భజన అవుతుంది. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఆయన ఓడారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒకటి గిరిజనులకు రిజర్వు సీటు, ఒకటి జనరల్. రిజర్వు సీటుతోపాటు జనరల్ సీటునూ గిరిజన అభ్యర్థే గెలిచారు. ఆయన పేరు డిప్పల సూరిదొర. గిరిగారికి మింగుడు పడలేదు. ఆ అభ్యర్థి ఇప్పుడు గిరిజనుడే కాదని, క్షత్రియుడయ్యాడని కోర్టులో వాదించారు. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. గిరిజనుడు జనరల్ సీటు కూడా గెలవచ్చని తేల్చింది. పేదవాడి హక్కుకోసం జీవితమంతా వాదించిన మనిషి ఆ ఒక్క కేసులో అటువైపు నిలబడి ఓడారు. మంచిదే అయింది. నాయకుడు ఓడినా న్యాయం గెలిచిందని మనం ఒప్పుకోగలగాలి.

ఇక 1969. మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు పోయారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుమీద సంతకం పెట్టారు. మర్నాడే ఎన్నికలో నిలబడటానికి రాజీనామా చేశారు. ఇక్కడే ఒక తమాషా ఉంది. రాజ్యాంగం ప్రకారం ఉపరాష్ట్రపతి తన రాజీనామా రాష్ట్రపతికి రాయాలి. ఆ రోజున రాష్ట్రపతి పని చూస్తున్నది ఎవరు? గిరిగారే! మన మిల్లులో సెలవు చీటీ రాసేవాడూ, దానిమీద సంతకం పెట్టే మేనేజరూ ఒకడే అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మనకైతే ఏడాదిలో 365 రోజులూ సెలవే. అదృష్టం కొద్దీ, అంతకు రెండు నెలల ముందే పార్లమెంటు ఒక చట్టం చేసి పెట్టింది. దాని ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారు నెలరోజులకు పైగా ఆ కుర్చీ కాపలా కాశారు.

ఆ ఎన్నికలో ఇంకో తమాషా. 15 మంది పోటీ చేస్తే, ముందున్న ఇద్దరూ తెలుగువాళ్లే. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు, స్వతంత్ర అభ్యర్థి గిరిగారు. ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ చెప్పినట్టు ఓటు వెయ్యమన్నారు. మొదటి ప్రాధాన్యం ఓట్లతో తేలలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపితే గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చాయి. ఆగస్టు 24న గిరిగారు ప్రమాణం చేశారు. ఓడిన సంజీవరెడ్డిగారు కూడా 1977లో పోటీ లేకుండా అదే కుర్చీ ఎక్కారు. మొత్తానికి ఇద్దరికీ దక్కింది.

గెలిచిన ఎన్నికమీద కేసు పడింది. 1970లో గిరిగారు రాష్ట్రపతిగా ఉంటూనే సుప్రీంకోర్టులో సాక్ష్యం చెప్పారు. కేసు కొట్టేశారు. మన తండ్రులు, అన్నలు ఎందరో లేబర్ కోర్టు సాక్షి బోనులో కాళ్లు వణుకుతూ నిలబడ్డారు. దేశంలో అందరికన్నా పెద్దవాడు కూడా సాక్షిగా మాట్లాడాడంటే అందులో తలవంపు ఏమీ లేదన్నమాట.

ఇప్పుడు ఇంటి సంగతి. గిరిగారికి, సరస్వతీబాయిగారికి 14 మంది సంతానం. ఆ రోజుల్లో దేశమంతా గోడలమీద ఎర్ర త్రికోణం వేసి "ఇద్దరు లేక ముగ్గురు చాలు" అని ప్రభుత్వం ప్రచారం చేస్తోంది. ఆ ప్రభుత్వానికి పెద్దదిక్కు 14 మంది తండ్రి! ఆయన జాతీయం చేసిన బ్యాంకులూ 14, ఆయన పిల్లలూ 14. రాష్ట్రపతి భవన్‌లో 340 గదులు ఉన్నాయి. దేశంలో చాలామందికి అన్ని గదులు ఎందుకో అర్థం కాదు. చాళ్లలో ఒక్క గదిలో తొమ్మిదిమంది పడుకునే మనకు, గిరిగారి సంసారం చూస్తే కొంచెం అర్థమవుతుంది.

అది ఉత్త నవ్వుల ఇల్లు కాదు. ఆయన కోడలు మోహినీ గిరిగారు 1971 యుద్ధంలో భర్తలను పోగొట్టుకున్న స్త్రీల కోసం సంఘం పెట్టి పనిచేశారు. తర్వాత జాతీయ మహిళా కమిషన్‌కు అధ్యక్షురాలయ్యారు. ఇక్కడున్న అక్కలు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఇప్పుడు తగువు దగ్గరకు వద్దాం.

గిరిగారు 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. యజమాని, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడి తేల్చుకోవాలి, ప్రతి తగువునూ ట్రిబ్యునల్ గడపకు ఈడ్వకూడదు అన్నది ఆయన పట్టు. దానికి గిరి పద్ధతి అని పేరు వచ్చింది. ఆ మాట విలువ మాకు బాగా తెలుసు. మాలో ఒకరు, మిల్లు మూతపడ్డాక రావలసిన డబ్బుకోసం వేసిన కేసు తేలేనాటికి, వాయిదా పిలిచే బంట్రోతు కూడా రిటైరయ్యాడు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. గిరిగారు ఆ మార్పును ఒప్పుకోలేదు. మంత్రి పదవి వదిలి బయటకు వచ్చారు. కార్మికుల తీర్పు కోసం కుర్చీ వదిలిన మంత్రులు మనకు ఎందరు కనిపిస్తారు? చెప్పండి.

అదే మనిషి రాష్ట్రపతిగా ఉండగా, 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. పిలుపునిచ్చినవారిలో ముందున్నది ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్, అంటే గిరిగారు పెట్టిన ఇల్లే. దాని అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్‌ను సమ్మె మొదలు కాకముందే, మే 2న అరెస్టు చేశారు. వేలాదిమందిని జైళ్లలో వేశారు. ఎందరికో ఉద్యోగాలు పోయాయి. రైల్వే క్వార్టర్లలోంచి ఆడవాళ్లను, పిల్లలను బయటకు గెంటారు. మే 27న సమ్మె విరమించారు. ఆ 20 రోజులూ దేశాధ్యక్షుడి కుర్చీలో ఉన్నది రైల్వే యూనియన్ పెట్టిన మనిషి. ఆగస్టులో పదవీకాలం ముగిసేదాకా ఆ కుర్చీలోనే ఉన్నారు.

రాష్ట్రపతి మంత్రివర్గం సలహామీదే నడవాలి, ఆయన ఏం చేస్తారని మాలో కొందరు అన్నారు. 1954లో వదలగలిగిన చెయ్యి 1974లో ఎందుకు వదలలేదని ఆ పెద్దాయన అడిగారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. చాలాసేపు వాదించుకున్నాక మాకు తోచింది ఇది. 1928లో గిరిగారి వెనుక కార్మికులు ఉన్నారు. 1974లో ఆయన చుట్టూ 340 గదులు ఉన్నాయి. మనిషి ఒకడే, నిలబడ్డ చోటు వేరు. మనవాడు కుర్చీ ఎక్కాడు కాబట్టి మన పని అయిపోతుందని చేతులు కట్టుకుని కూర్చుంటే, తప్పు కుర్చీలో ఉన్నవాడిది మాత్రమే కాదు, మనది కూడా.

ఇది పాత కథ కాదు. మన సాంచాల కూలిరేట్ల తగువు నడుస్తోంది. ఫలానా నాయకుడు మన కులంవాడు, మన భాషవాడు, ఆయన దగ్గరకు పోతే పని జరుగుతుందని నలుగురు అంటున్నారు. పోవద్దని మేము అనం. మాట్లాడండి. అయితే వెళ్లేటప్పుడు సభ్యత్వ రసీదులు జేబులో పెట్టుకుని, వెనుక వందమందిని పెట్టుకుని వెళ్దాం. అలా వెళ్తే గిరి పద్ధతి. ఒంటరిగా చేతులు జోడించుకుని వెళ్తే అది భిక్ష.

గిరిగారికి 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. కార్మికుల సంగతులు చదివే చోటుకు పెట్టారు కాబట్టి ఆ గౌరవం సరైన చోటే దక్కింది.

దండ విషయం. బొబ్బిలి గెలుపుకు, 1954 రాజీనామాకు, 14 మంది పిల్లల నిండు సంసారానికి దండ వేద్దాం. పార్వతీపురం కేసును, 1974 మే నెలను దండ కింద దాచవద్దు. మొదట వద్దన్న ఆ పెద్దాయన చేతనే వేయిద్దామని మా కోరిక. ఒప్పుకున్నారు, ఒక్క షరతు పెట్టారు. దండ వేసిన వెంటనే రసీదు పుస్తకం తెరవాలట. పుస్తకం ఇదిగో. రాత్రి పాళీవాళ్లు ముందు రండి, మీకు టైమవుతోంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!