అంధులతో పదక్రీడ



గ్రంథాలయమనగా బీరువాలు మాత్రమే కావు. సాయంకాలము నలుగురు చేరి ఆడుకొను బల్ల కూడ. ఆ బల్లయొద్ద అంధునకు కుర్చీ దొరకును గాని ఆట దొరకదు. ప్రక్కవాడు చెవిలో అక్షరములు చెప్పుచు ఆడించుట కలదు. అది ఆట కాదు. తన అక్షరములు తనకొక్కనికే తెలియుట పదక్రీడకు ప్రాణము. మరియొకడు చదివి వినిపించినచో రహస్యము పోయినది. వాడు సలహా కూడ చెప్పినచో (చెప్పక మానడు) ఆటయే పోయినది.

స్క్రాబుల్ అను ఆటను చూతము. అమెరికాలో ఆల్ఫ్రెడ్ బట్స్ అను వాస్తుశిల్పి 1930వ దశకమున దీనిని కల్పింపగా, 1948లో జేమ్స్ బ్రూనో ఈ పేరుతో వ్యాప్తికి తెచ్చెను. పలకపై 225 గళ్లు, ఆంగ్లమున 100 బిళ్లలు, ఒక్కొక్కరి చేత ఏడేసి. అంధుల కొరకు చేసినదానిలో బిళ్లపై అచ్చక్షరముతోపాటు బ్రెయిలీ చుక్కలు ఉబ్బెత్తుగా నుండును. ప్రతి గడి చుట్టును చిన్న గట్టు ఉండును. చుక్కలకన్న ఈ గట్టే ముఖ్యమనవలెను. చూపున్నవాడు పలకను ముట్టకయే చదువును. అంధుడు చేతితో చదువును. గట్టు లేనిచో ఒకమారు తడిమినంతనే ఆట చెల్లాచెదరగును. చూపు మందగించినవారికి చుక్కలు కాదు, పసుపుపై నల్లని పెద్ద అక్షరము, మెరుపులేని పలక వలయును.

ఇక సంచి. చేయి పెట్టి చుక్కలు తడిమి కావలసిన అక్షరము నేరుకొనునేమో యను శంక కలుగును. శంక అన్యాయము కాదు. చూపున్నవారిలోనే చెక్కుడు బిళ్లలను సంచిలో తడుముట దొంగాటగా పేరుపడినది. బిళ్లలను పళ్లెరములో బోర్లించి వీపుపట్టి తీసికొన్నచో తగవు తీరును.

పలకపై నేమి జరిగినదో నోట చెప్పుట మరియొక నియమము. అవధానములోని వ్యస్తాక్షరిని ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. పృచ్ఛకుడు ఎన్నవ అక్షరమో, ఏ అక్షరమో చెప్పును. అవధాని చూడకయే వాక్యము కూర్చును. అటులే వరుస, గడి, పదము, గుణములు బిగ్గరగా చెప్పవలెను. ఖాళీ బిళ్ల ఏ అక్షరమునకు బదులో కూడ చెప్పవలెను. అది వ్రేలికి తెలియదు.

తెలుగున వేరొక చిక్కు కలదు. అచ్చులో గుణింతము పైన, ఒత్తు క్రింద నుండును. 1951లో మన దేశభాషలకు ఏర్పడిన భారతీ బ్రెయిలీలో అన్నియు ఒకే వరుస. ‘కి’ యనగా క, ఇ. ‘అమ్మ’ యనగా అ, హల్లుగుర్తు, మ, మ. చూపున్నవానికి రెండు గళ్లు, అంధునకు నాలుగు! గుణింతములకును జంటక్షరములకును వేర్వేరు బిళ్లలు చేయబోయిన వందలు చాలవు. కావున బ్రెయిలీ వరుసనే అందరికిని బిళ్లల వరుసగా పెట్టుట మేలు. అప్పుడు తడబడువాడు చూపున్నవాడే. నాలుగు సాయంకాలములు తడబడనిండు.

ఏ అక్షరమునకు ఎన్ని బిళ్లలు? బట్స్ వార్తాపత్రికల పుటలలో అక్షరములను లెక్కించి నిర్ణయించెను. ఇచ్చట కూడ పత్రికలు కలవు. ఆ లెక్క తేలువరకు అట్ట కోయరాదు.