రంగు మార్చే రేణువులు



బ్రూస్‌పేటలో చీర కొనేవారు దానిని ఒకసారి వాకిట వెలుతురులోకి తెచ్చి చూడడం కద్దు. కొట్లోని దీపం క్రింద కనిపించిన ఎరుపు ఎండలో వేరొక ఎరుపుగా తోస్తుంది. ఇది కంటి దోషం కాదు, దీపంలోని కొరత.

నేటి తెల్లని ఎల్.ఇ.డి. దీపంలో మొదట పుట్టేది నీలికాంతి. ఆ నీలి డయోడును సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానం లభించింది. నీలికాంతిలో కొంత భాగాన్ని పైనున్న ఫాస్ఫరు పొడి పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి కంటికి తెలుపనిపిస్తాయి. కాని సామాన్యమైన దీపాలలో ముదురు ఎరుపు పాలు తక్కువ. దీపం ఇవ్వని రంగును వస్త్రం చూపలేదు.

బళ్ళారి రాఘవను కన్న ఈ సీమకు నాటకరంగం పరిచితమే. రంగస్థల దీపానికి అడ్డుపెట్టే ఎర్రకాగితం తక్కిన రంగులను ఆపి, ఎరుపును మాత్రమే పోనిస్తుంది. లేని ఎరుపును పుట్టించలేదు. క్వాంటమ్ చుక్కల పని వేరు. ఇవి కొద్ది నానోమీటర్ల అర్ధవాహక స్ఫటికాలు. నీలికాంతిని గ్రహించి, అందులో కొంత శక్తిని వేడిగా విడిచి, తక్కినదానిని ఆకుపచ్చగానో ఎరుపుగానో వెలువరిస్తాయి. పదార్థం ఒకటే అయినా పరిమాణాన్ని బట్టి రంగు మారుతుంది. కాడ్మియం సెలెనైడు రేణువు సుమారు 2 నానోమీటర్లుంటే నీలం వైపు, 6 ఉంటే ఎరుపు వైపు వెలుగుతుంది. రేణువు చిన్నదైనకొద్దీ ఎలక్ట్రాను ఇరుకునపడి, వెలువడే కాంతి శక్తి పెరగడమే ఇందుకు కారణం.

1980ల ఆరంభంలో ఎకిమోవ్ గాజులోను, బ్రూస్ ద్రావణంలోను ఈ ధర్మాన్ని కనుగొన్నారు. 1993లో బావెండి సమాన పరిమాణంగల రేణువులను తయారుచేసే మార్గం చూపారు. ముగ్గురికీ 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానం దక్కింది. 2013 నుండి ఈ చుక్కలు టెలివిజన్ తెరలలోకి వచ్చాయి.

అయితే కాడ్మియం విషలోహం. శరీరంలో చేరితే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పాడైన దీపం చెత్తకుప్పకు, అక్కడినుండి నేలకు, నీటికి చేరే ప్రమాదమున్నది. అందుకే ఇండియం ఫాస్ఫైడు చుక్కలు ప్రత్యామ్నాయంగా వచ్చాయి. వేడికి, తేమకు చెడకుండా వీటిని కాపాడడం, ఖర్చు తగ్గించడం ఇంకా శ్రమతో కూడిన పనులే.

చీర రంగు నిజంగా కనిపించాలి. అందుకోసం ఊరి నీరు విషం కారాదు. ఈ రెండింటినీ కలిపి సాధించినప్పుడే దీపం పరిపూర్ణమవుతుంది. ఆ పనికి ఈ పాఠశాల బాలబాలికలు కూడా పూనుకొందురుగాక.