వల పన్నుటలో న్యాయము

కోరుట్లలోగాని, జగిత్యాలలోగాని, సిరిసిల్లలోగాని ఏదేని కచేరిలో ఒక ఉద్యోగి లంచము పుచ్చుకొనుచు పట్టుబడెనని తెలిసిన దినమున ఊరిలో చిన్న పండుగవలె ఉండును. మరునాడు పత్రికలో ఛాయాచిత్రము వచ్చును. బల్లమీద పరచిన నోట్లు, వాని ప్రక్క గులాబిరంగు నీరున్న సీసాలు, వెనుక తల వంచుకొని కూర్చున్న మనిషి. మేమును ఆ చిత్రమును చూచి మంచిపని జరిగినదని అనుకొనువారమే. భూమి కాగితమునకో, ఇంటి అనుమతికో, కరెంటు మీటరునకో తిరిగి తిరిగి చెప్పులరిగిన వారికి ఆ సంతోషము సహజము. అయినను ఆ సీసాలోని నీరు మనకు ఏమి చెప్పుచున్నది, ఏమి చెప్పుట లేదు అని ఒకసారి నిదానించి చూడవలసియున్నది.

వల పన్ను పద్ధతి యిది. తన్ను లంచ మడిగిరని బాధితుడు అవినీతి నిరోధక శాఖకు ఫిర్యాదు వ్రాసి యిచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఈ శాఖ 1961 జనవరిలో ఏర్పడినది. నేడు తెలంగాణములో 1064 అను సంఖ్యకు టెలిఫోను చేసియు తెలుపవచ్చును. వేరు శాఖలకు చెందిన ఇరువురు ఉద్యోగులను మధ్యవర్తులుగా పిలిపింతురు. నోట్ల సంఖ్యలు వ్రాసికొందురు. నోట్లకు ఫినాల్ఫ్తలీన్ అను తెల్లని పొడిని కంటి కానకుండునట్లు పలుచగా పూయుదురు. ఫిర్యాది ఆ నోట్లను ఇచ్చి, ముందు అనుకొన్న సంజ్ఞ చేయును. అంతట అధికారులు లోనికి పోయి ఆ ఉద్యోగి చేతివ్రేళ్లను సోడియం కార్బొనేటు కలిపిన నీటిలో కడిగింతురు. వ్రేళ్లకు పొడి అంటియున్నచో నీరు గులాబిరంగునకు తిరుగును. ముందు జరిగినదానికి ఒకటి, తరువాత జరిగినదానికి ఒకటిగా మధ్యవర్తుల నివేదికలు రెండు సిద్ధమగును.

రసాయన శాస్త్రము మనకు తోడు వచ్చునది ఇంతవరకే. చేయి నోటును తాకినదని అది చెప్పును. నోరు డబ్బు అడిగినదని చెప్పజాలదు. అడిగి పుచ్చుకొన్నను అదే రంగు. వలదనుచున్నను చేతిలో కుక్కినను అదే రంగు. సర్కారునకు కట్టవలసిన రుసుమనుకొని పుచ్చుకొన్నను అదే రంగు.

ఇది మా ఊహ మాత్రము కాదు. 1995లో మన తెలుగునాట ఒక మండల రెవెన్యూ అధికారి, ఒక చౌకధరల దుకాణదారునకు సరకులు విడుదల చేయుటకై 250 రూపాయలు లంచమడిగెనని కేసు నడచినది. నోట్లు అతనివద్ద దొరకినవి. క్రింది కోర్టు శిక్షించెను. అతడు దోషియనుటను హైకోర్టును నిలిపెను. కాని విచారణలో సాక్ష్యమిచ్చునపుడు ఆ దుకాణదారుడే, అధికారి తన్ను లంచ మడుగలేదనియు, అనుమతి పత్రము మరల పొందుటకు బ్యాంకులో కట్టవలసిన రుసుముగా ఆ డబ్బు ఇచ్చితిననియు చెప్పెను. బి. జయరాజ్ కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యములో 2014 మార్చి 28న సుప్రీంకోర్టు అతనిని నిర్దోషిగా విడిచిపెట్టెను. లంచ మడుగుట రుజువు కానిదే కేవలము నోట్లు దొరకినంతమాత్రమున నేరము స్థిరపడదని ఆ తీర్పు చెప్పినది. 250 రూపాయలకు పదునెనిమిది సంవత్సరములకు పైగా! ఆ దుకాణదారుడు మొదట వ్రాసియిచ్చినది నిజమో, కోర్టులో పలికినది నిజమో ఆ రంగునీరు తేల్చలేకపోయినది. మరుసటి యేడు, అనగా 2015లో, హైదరాబాదులోని ఒక ఉద్యోగి కేసులో విచారణకు ముందే ఫిర్యాది మరణించగా, అడుగుట రుజువు కాలేదని ఆ ఉద్యోగినికూడ విడిచిపెట్టిరి.

ఇచట శ్రోతలలో కొందరికి కోపము రావచ్చును. "మా కచేరిలో ఎవరును నోరు తెరచి అడుగరు గదా!" అని వారు అడుగవచ్చును. అదియు నిజమే. సారు ఏమియు అనడు. కాగితము మాత్రము కదలదు. మూడవసారి పోయినపుడు బయట బెంచీమీద కూర్చున్నవాడు "చాయ్‌పానీ సంగతి చూచుకో" మనును. ఇట్టి అడుగుటకు సాక్షి యెవరు? ఈ చిక్కును విప్పుటకే 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తులు నీరజ్ దత్తా కేసులో తీర్పు నిచ్చిరి. ఫిర్యాది మరణించినను, మాట మార్చినను, ఇతర సాక్ష్యములవలనను పరిస్థితులవలనను అడుగుటను రుజువు చేయవచ్చుననిరి. అంతియే కాదు, అడుగకున్నను ఎదుటివాడు తనంత తాను ఇవ్వజూపిన లంచమును ఉద్యోగి స్వీకరించినచో అదియు నేరమేయనిరి.

న్యాయము సరియైనదే. అయినను ఈ చివరి మాట దగ్గర మాకొక సందేహము నిలిచిపోవును. ఇవ్వజూపినవాడు తన పనిమీద వచ్చినవాడైనచో చింత లేదు. వాడు పోలీసువారు పంపగా వచ్చినవాడైనచో?

ఈ ప్రశ్న మన న్యాయస్థానములకు క్రొత్త కాదు. వింధ్యప్రదేశములో మంత్రిగా నుండిన రావు శివబహదూర్ సింగ్ మీద, పన్నా వజ్రపు గనుల విషయములో 25,000 రూపాయలు పుచ్చుకొనెనని కేసు వచ్చినది. 1954లో సుప్రీంకోర్టు అతని శిక్షను నిలిపినది. నిలుపుచునే పోలీసువారిని మందలించినది. ఇచ్చువానివద్ద డబ్బు లేదు, సమకూర్చుకొను శక్తియు లేదు. అట్టివానికి పోలీసువారే డబ్బు సమకూర్చి లంచము జరుగునట్లు చేయుట తగదన్నది. 1956లో బీహారు నుండి వచ్చిన మరియొక కేసులో న్యాయమూర్తి వివియన్ బోస్ ఇంకను సూటిగా చెప్పెను. మనిషి స్వభావ మెట్టిదైనను, వాని బలహీనత ఓర్వజాలనంత ఆశ చూపి నేరము చేయించుట తగదనియు, చట్టమును కాపాడవలసినవారే అట్లు చేయుట మరియు తగదనియు ఆయన భావము.

అమెరికాలో మద్యనిషేధము నడచు దినములలో ఒక అధికారి యాత్రికుని వేషమున ఒక గృహస్థు ఇంటికి పోయెను. ఇరువురును మొదటి ప్రపంచయుద్ధములో పనిచేసినవారే. ఆ ముచ్చట్లు కదిపి, సారాయి కావలెనని అడిగెను. లేదనగా మరల అడిగెను. మూడవమారు బ్రతిమాలగా ఆ గృహస్థు ఎచటినుండియో తెచ్చి యిచ్చెను. యిచ్చినంతనే నేరస్థుడాయెను. 1932లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసినది. ఇంగ్లండులోను 2001 నుండి, పోలీసులే పురికొల్పి చేయించిన నేరముపై విచారణనే ఆపివేయు అధికారము న్యాయమూర్తులకు స్థిరపడినది. మన చట్టములో ఇట్టి రక్షణ ప్రత్యేకముగా వ్రాయబడి లేదు. పన్నిన వల న్యాయమైనదా కాదా అనునది సాక్ష్యమును తూచునపుడే న్యాయమూర్తి చూడవలెను. ఇది చాలదని మా అభిప్రాయము. ఆశ పుట్టించినవాడెవడు అను ప్రశ్నను తీర్పు చివరకు వాయిదా వేయక, వల వేయకముందే అడుగవలెను.

అట్లడుగుటకు మార్గము లేకపోలేదు. ఫిర్యాదు అందినంతనే నోట్లకు పొడి పూయక, ఉద్యోగి నిజముగా అడుగుచున్నాడా అని ముందు విచారించి, ఆ సంభాషణను శబ్దయంత్రములో పట్టియుంచుట యొక పద్ధతి. ఆ ముద్రణకు 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము ప్రకారము ధ్రువపత్రము జతపరుపవలెను. లేనిచో కోర్టులో దానికి విలువ యుండదు. అంతకుముందును ఇట్టి నియమమే ఉండెను.

ఇది ఫిర్యాదికిని మేలే. పసుపు అమ్ముకొని వచ్చి, భూమి కాగితము కొరకు తిరిగిన ఒక రైతును తలచుకొందము. 2018లో చట్టమును సవరించినప్పటినుండి లంచమిచ్చుటయు నేరుగా ఒక నేరమైనది. బలవంతముమీద ఇచ్చినవాడు ఏడు దినములలో తెలుపవలెను. ముందుగా శాఖకు తెలిపి, వారికి తోడ్పడుటకై ఇచ్చినవానికి దోషము లేదు. ఆ రైతు ధైర్యము చేసి తెలిపినాడనుకొందము. కొన్నియేండ్లకు సమను వచ్చును. కోరుట్లనుండి జగిత్యాల మీదుగా బస్సెక్కి కరీంనగరులోని ప్రత్యేక న్యాయస్థానమునకు పోయి బోనులో నిలువవలెను. నాడు సారు అన్న మాట ఏమి, ఎన్ని గంటలకు అనెను, అప్పుడు ప్రక్కన ఎవరుండిరి అని వకీలు అడుగును. ఈలోపల ఊరి పెద్దలు రాజీ మాటలు చెప్పియుందురు. వాని కాగితము ఇంకను అదే కచేరిలో ఉండియుండవచ్చును. వాడు తడబడినను, జడిసి మాట మార్చినను, ఆనాటి సంభాషణ ముద్రితమై యున్నచో కేసు వాని జ్ఞాపకముమీదను, వాని ధైర్యముమీదను మాత్రమే ఆధారపడి యుండదు. సారు నిజముగా అడుగనివాడైనచో ఆ ముద్రణలో అదియును వినబడును.