కంచికచర్ల కోసం లేచిన తెలంగాణ గొంతు

ఈశ్వరీబాయమ్మను యాది చేసుకోవడానికి కూడుకున్నం. చిలకలగూడ బిడ్డ. 1967లో రిపబ్లికన్ పార్టీ నుంచి ఎల్లారెడ్డి ఎమ్మెల్యేగా గెలిచిన్రు. 1969 ఉద్యమంలో జైలుకు పోయిన్రు.

ముల్కీ కొలువులు అడిగితే మనకు ఆంధ్రోళ్ల మీద ద్వేషమన్నరు. మరి 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో దళిత యువకుడు కోటేశును దొంగతనం నెపంతో సజీవంగా తగలబెట్టిన్రు గదా! ఒక మంత్రి ఆ చావును సమర్థించినట్టు మాట్లాడితే, నిండు సభలో చెప్పు చూపింది ఈ తెలంగాణ తల్లే. కోటేశుది ఏ ప్రాంతమని అడగలే. సభా మర్యాదంటరా? మనిషిని తగలబెట్టిన్నాడు ఆ మర్యాద ఏడబోయింది?

1972లో ఎల్లారెడ్డి మళ్లీ గెలిపించుకుంది. 1991లో కన్నుమూసిన్రు, 2014లో వచ్చిన రాష్ట్రాన్ని చూడలే. మన పిల్లలకు ముల్కీ ముచ్చటతోపాటే కంచికచర్ల ముచ్చటా చెప్పుకుందాం.

జోహార్ ఈశ్వరీబాయి!